కొత్తగా బిగించిన కంప్యూటర్ ఆన్ కాకపోతే: హైదరాబాద్ బస్సు ఎక్కే ముందు ఇంట్లోనే చూడవలసినవి

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో సొంతంగా కంప్యూటర్ బిగించుకునేవారు విడిభాగాలను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, లేదా సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లి తెచ్చుకుంటారు. అన్నీ బిగించి మొదటిసారి బటన్ నొక్కినప్పుడు ఏమీ జరగకపోతే, పాడైన భాగమేదో చేతికి వచ్చిందన్న అనుమానమే ముందుగా కలుగుతుంది. ఆ అనుమానంతో దాదాపు నూరు కిలోమీటర్లు పోయి రావడానికి ఒక రోజంతా పడుతుంది, తీరా అక్కడ అది చక్కగా ఆన్ అయితే ఆ రోజు వృథా అయినట్లే. నేను చూసినంతవరకు, పూర్తిగా దిగని కనెక్టరో, పెట్టడం మరిచిపోయిన కేబులో కారణమైన సందర్భాలే ఎక్కువ. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే, కంప్యూటర్ ఎంతవరకు వచ్చి ఆగిపోతున్నదో గమనించాలి. ఒక్క లైటు గాని, ఒక్క ఫ్యాను గాని కదలకపోవడం వేరు, ఫ్యాన్లు ఒకటి రెండు క్షణాలు తిరిగి ఆగిపోవడం వేరు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా మానిటర్ నల్లగా ఉండిపోవడం వేరు. బూట్ డివైస్ (విండోస్ ఉన్న డిస్కు) లేదని తెరమీద కనిపిస్తే మాత్రం సంతోషించవచ్చు, ఎందుకంటే అప్పుడు సాధారణంగా మిగిలింది విండోస్ ఎక్కించడం మాత్రమే.

అసలు కదలికే లేనప్పుడు ముందుగా గోడ దగ్గర మొదలుపెట్టండి. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు వస్తున్నదో లేదో చూడండి. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్, వెనుక ఉండే చిన్న స్విచ్ సున్నా వైపు కాక గీత వైపు నొక్కి ఉండాలి. దీనితోపాటు ఎర్తింగ్ సంగతి కూడా తేల్చుకోవాలి. మన చల్క (ఎర్ర ఇసుక) నేలలు ఎండాకాలంలో బాగా ఎండిపోతాయి, ఎర్తింగ్ గుంతలో తడి ఆరిపోతే ఎర్తింగ్ పనిచేయడం తగ్గుతుంది. కేబినెట్ ఇనుప భాగాన్ని తాకినప్పుడు వేళ్లకు జివ్వుమని తగిలితే సాధారణంగా ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూపిస్తే, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లోనూ, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండానూ ఉండాలి. అలా లేకపోతే గుంతలో నీళ్లు పోయించి మళ్లీ కొలిపించండి. కంప్యూటర్ ఆన్ కాకపోవడానికి ఇది నేరుగా కారణం కాకపోవచ్చు గాని, వేలు పోసి కొన్న మదర్‌బోర్డును ఎర్తింగ్ లేని సాకెట్‌కు తగిలించి పరీక్షలు చేయడం నాకు సమ్మతం కాదు.

ఇక లోపలికి వస్తే, ఏ కనెక్టర్‌ను ముట్టుకునే ముందైనా ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు, ఎందుకంటే ప్లగ్ తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. మదర్‌బోర్డుకు రెండు చోట్ల కరెంటు అందాలి: పక్కన ఉండే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ ఒకటి, ప్రాసెసర్ పక్కన పైమూలలో ఉండే 8 పిన్నులది మరొకటి. దేవరకొండలో మా మేనల్లుడు బిగించిన కంప్యూటర్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నా తెర వెలగకపోతే, ర్యామ్ మార్చి, కేబుల్ మార్చి, రెండు సాయంత్రాలు వెతికాము. చివరికి ఆ 8 పిన్నుల వైరు బోర్డు వెనుక వైపే ఉండిపోయిందని తేలింది. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే గ్రాఫిక్స్ కార్డు వైరు కూడా 8 పిన్నులదే, కాని ప్రాసెసర్ వైరు సాధారణంగా నాలుగు, నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ వైరు ఆరు, రెండుగా విడిపోతుంది. ఒకదాని చోట మరొకదాన్ని బలవంతంగా నెట్టకండి. వైర్లు ఊడదీసుకునే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే, పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లను కొత్తదానికి వాడవద్దు. కంపెనీని బట్టి పిన్నుల వరుస మారుతుంది కనుక హార్డ్ డిస్కో బోర్డో కాలిపోయే ప్రమాదముంది.

రెండు కనెక్టర్లూ సరిగా ఉన్నా చలనం లేకపోతే, కేబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే సన్నని వైరును చూడండి. అది బోర్డు అంచున ఏ రెండు పిన్నులకు తగలాలో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. బటన్ వైరు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది, లైట్ల వైర్లు మాత్రం తిప్పి పెడితే వెలగవు. బటన్ మీదే అనుమానముంటే, ఆ వైరు తీసి, ప్లగ్ పెట్టి, అవే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపితే కంప్యూటర్ ఆన్ కావాలి.

ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉన్నప్పుడు నేను మొదట అనుమానించేది ర్యామ్‌నే. రెండు స్టిక్కులుంటే, నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి. కొత్త స్లాట్లు బిగుతుగా ఉంటాయి కాబట్టి, టక్కుమని శబ్దం వచ్చి కొక్కెం దానంతటదే పడేవరకు రెండు చివరలా నొక్కాలి. ఆ తరువాత ఒక్క స్టిక్కును రెండవ స్లాట్‌లో మాత్రమే ఉంచి ప్రయత్నించండి, అది కాకపోతే దాన్ని తీసి రెండవ స్టిక్కుతో ప్రయత్నించండి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు, ముఖ్యంగా ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం5 సాకెట్ ఉన్న బోర్డులు, మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి చాలా నిమిషాలు తీసుకుంటాయి, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఓపిక పట్టలేక రెండు నిమిషాలకొకసారి ఆపి మళ్లీ నొక్కేవారికి అది ఎన్నటికీ పూర్తి కాదు, మధ్యలో కరెంటు పోయినా అంతే. అందువల్ల యూపీఎస్ మీద పెట్టి కనీసం పావుగంట దాన్ని ముట్టకుండా వదిలేయాలి.

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. కార్డు లేకపోతే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలోనూ, రైజెన్ 5 5600 వంటి వాటిలోనూ ఆ సౌకర్యం లేదు. వాటికి కార్డు లేకుండా ఎంతసేపు చూసినా బొమ్మ రాదు.

ఈమధ్య వచ్చే చాలా బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి, పని ఆగిపోయిన చోట ఆ లైటు వెలిగి ఉంటుంది. సీపీయూ లైటు ఆరకపోతే 8 పిన్నుల వైరును చూసి, ఆపైన బయోస్ గురించి, అంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్ గురించి ఆలోచించండి. బీ450 బోర్డులో రైజెన్ 5000 ప్రాసెసర్ పెట్టినా, బీ660 బోర్డులో 13వ తరం ఇంటెల్ పెట్టినా, బోర్డు చాలాకాలం గోదాములో ఉన్నదైతే పాత బయోస్ ఆ ప్రాసెసర్‌ను గుర్తించదు. వెనుక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుకు పెన్‌డ్రైవ్‌తోనే కొత్త బయోస్ ఎక్కించవచ్చు. బయోస్ సెట్టింగులు చెడిపోయాయని అనుమానమైతే, ప్లగ్ తీసి, బోర్డు మీది సీఆర్2032 సెల్లును ఐదు నిమిషాలు బయట ఉంచి తిరిగి పెట్టండి.

ఇవేవీ ఫలించకపోతే బోర్డును కేబినెట్ నుంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, ఇవి మాత్రమే తగిలించి చూడాలి. బయట ఆన్ అయి లోపల కాకపోతే, బోర్డును నిలబెట్టే ఇత్తడి స్టాండాఫ్ ఒకటి బోర్డు కింద రంధ్రం లేనిచోట తగులుతూ షార్ట్ చేస్తూ ఉండవచ్చు. బయట కూడా కాకపోతే, ప్రాసెసర్‌ను జాగ్రత్తగా తీసి పిన్నులు చూడండి. ఇంటెల్‌లోనూ, ఏఎం5లోనూ అవి బోర్డు సాకెట్‌లో ఉంటాయి, ఏఎం4లో ప్రాసెసర్‌కే ఉంటాయి. ఒక్క పిన్ను వంగినా ఇదే పరిస్థితి రావచ్చు.

అప్పుడు దుకాణానికి వెళ్లక తప్పదు. పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉండే రకమైతే, బయలుదేరే ముందు సాకెట్‌కు ప్లాస్టిక్ మూత తిరిగి పెట్టండి, అది లేకపోతే వారంటీ దగ్గర పేచీ రావచ్చు. బస్సు కుదుపులకు స్లాట్ విరగకుండా బరువైన గ్రాఫిక్స్ కార్డునూ కూలర్‌నూ విప్పి వేరుగా సర్దుకోండి, ఏయే పరీక్ష చేస్తే ఏమైందో ఒక కాగితం మీద రాసి బిల్లుతోపాటు పెట్టుకోండి.