వైద్య నిర్లక్ష్యంపై కేసు: విజయవాడ, గుంటూరు వాళ్లు ఏ దారిలో వెళ్లాలి?

ఆపరేషన్ వికటిస్తే చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కే పరుగెత్తుతారు. కానీ ముందు చేతికి రావలసింది కేస్ షీట్, అంటే ఆసుపత్రిలో చేసిన వైద్యమంతా రాసిన రికార్డు. అది లేకుండా కేసు నిలబెట్టడం చాలా కష్టం.

ఆసుపత్రి సూపరింటెండెంట్ పేర అర్జీ రాసి ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపండి. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. సాధారణంగా డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చేతిలో పెడతారు, అది చాలదు. నర్సుల చార్టు, మందుల చార్టు, మత్తు డాక్టరు రాసిన రికార్డు, ఆపరేషన్ నోట్స్, సమ్మతి పత్రం అని అర్జీలో పేరు పేరునా రాయాలి.

వచ్చాక వాటిని టైము ప్రకారం పక్కపక్కన పెట్టి చదవండి. రాత్రి 2 గంటలకు బీపీ పడిపోయిందని నర్సు రాసి, డాక్టరు చూసినట్టు ఉదయం 8 గంటలకు గానీ లేకపోతే, మీరు నిలదీయాల్సింది ఆ ఆరు గంటల గురించే. సమ్మతి పత్రంలో ఏ ఆపరేషన్ పేరుందో కూడా చూడండి. పరీక్ష కోసం చేసిన సంతకాన్ని పట్టుకుని, ప్రాణాపాయం లేకపోయినా గర్భసంచి తీసేయడం కుదరదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.

మనిషి చనిపోయి అనుమానం ఉంటే దహనానికి ముందే పోలీసులకు రాతపూర్వకంగా చెప్పి పోస్టుమార్టం చేయించాలి. దుఃఖంలో ఇది చాలా కష్టం, తెలుసు. కానీ అది లేకపోతే చావుకు అసలు కారణమేమిటన్న దగ్గరే కేసు ఇరుక్కుపోతుంది.

పరిహారం కావాలంటే దారి వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రి రాదు, దానిమీద సివిల్ కోర్టులో దావా వేయాలి. ఆసుపత్రికి మీరు కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే వేయాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు: చూసేది మీరు ఆసుపత్రికి కట్టిన డబ్బునే గానీ అడిగే పరిహారాన్ని కాదు. అలా కట్టింది 5 లక్షల వరకైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. వైద్యం హైదరాబాద్‌లో జరిగినా, మీరు గుంటూరులో ఉంటే గుంటూరులోనే వేయవచ్చు. డాక్టరుతోపాటు ఆసుపత్రినీ ప్రతివాదిగా చేర్చండి. గడువు రెండేళ్లు. రాజీ మాటలు నడుస్తున్నాయని ఊరుకుంటే ఆ గడువు మీకోసం ఆగదు.

జబ్బు నయం కాకపోవడమే నిర్లక్ష్యం అయిపోదు. అదే విభాగంలో పనిచేసే మామూలు నైపుణ్యమున్న డాక్టరు చేయాల్సింది ఈయన చేయలేదని చూపాలి. కడుపులో గుడ్డ వదిలేసి కుట్టేసినలాంటి కేసుల్లో తప్పు కంటికే కనబడుతుంది, మిగతా వాటిలో అదే విభాగపు నిపుణుడి అభిప్రాయం దాదాపు తప్పనిసరి అనుకోండి.

క్రిమినల్ కేసుకు ఈ స్థాయి నిర్లక్ష్యం సరిపోదు. ఏ డాక్టరూ చేయనంత ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసులు ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోవాలి. మామూలుగా అరెస్టు చేసేయకూడదని కూడా అదే తీర్పు చెప్పింది. 2024 జూలై 1 తర్వాత జరిగిన మరణాలకు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106(1) వర్తిస్తుంది. మామూలు నిర్లక్ష్య మరణానికి ఐదేళ్ల వరకు, వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల వరకు జైలు, జరిమానా. స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు, గుంటూరులో ఎస్పీకి రాసి పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

డాక్టరు రిజిస్ట్రేషన్‌పై చర్య కోరితే విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. అక్కడ పరిహారం రాదు.

కమిషన్, పోలీసులు, మెడికల్ కౌన్సిల్ మూడు చోట్లా ఒకేసారి వేయవచ్చు, కానీ మూడింటిలోనూ తేదీలు, సంఘటనల వరుస ఒక్కటిగానే ఉండాలి. పోలీసులకిచ్చిన కాగితంలో ఒక టైము, కమిషన్ ఫిర్యాదులో ఇంకో టైము రాస్తే ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.