కోల్ట్రేన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి

అమెరికన్ జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ సాక్సొఫోన్ వినాలనుకుంటున్నాం, ఏది ముందు వినాలి అని అడిగే మిత్రులకు నేను మొదట చెప్పేది ఒక్కటే: 'అసెన్షన్'తో మొదలుపెట్టకండి. ఇరవై రెండేళ్ల వయసులో నా చేతికి ముందు దొరికింది అదే. 1965లో పదకొండు మంది కలిసి వాయించిన రికార్డు. పది నిమిషాలకే ఆపేశాను. ఆ తరువాత నాలుగేళ్లు ఆయన జోలికి పోలేదు. ఆ నాలుగేళ్లు పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ముందు 'నైమా' వినండి. 1959లో రికార్డు చేశారు, నాలుగు నిమిషాల పైచిలుకు. అది ఆయన మొదటి భార్య పేరు. రాగం నెమ్మదిగా సాగుతుంటే కింద బేస్ (మంద్రస్వరాలు పలికే పెద్ద తీగల వాద్యం) ఒకే స్వరాన్ని పట్టుకొని ఉంటుంది. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవి అక్కడ తేలికగా కుదురుకుంటుంది. అదే ఆల్బంలోని 'జయంట్ స్టెప్స్' మాత్రం తరువాతకు ఉంచండి. అందులో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఎంత వేగంగా మారతాయంటే, టామీ ఫ్లానగన్ అంతటి పియానో విద్వాంసుడే తన సోలోలో తడబడటం వినిపిస్తుంది.

రెండోది 'మై ఫేవరిట్ థింగ్స్', 1960. దాదాపు పద్నాలుగు నిమిషాలు. ఇందులో ఆయన పైస్థాయిలో పలికే సొప్రానో సాక్సొఫోన్ పట్టారు. ఆ నాదం వింటే నాకు నాదస్వరం గుర్తుకొస్తుంది. చేత్తో మూడేసి లెక్క వేసుకుంటూ వినండి. పాట పల్లవి లాగా మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది, నడుమ రెండే కార్డుల మీద ఎంతో సేపు విస్తరిస్తారు. ఆయనకు రవిశంకర్ సంగీతమంటే గౌరవం, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టారు. అలాగని ఆయన వాయింపులో మన రాగాల కోసం వెతకకండి, దారి తప్పుతారు.

ఇక 'ఏ లవ్ సుప్రీమ్'. 1964 డిసెంబరు 9న న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డయింది. నాలుగు భాగాలు, ముప్ఫై మూడు నిమిషాలు. ఫోను పక్క గదిలో పెట్టి, ఒకే బైఠక్‌లో వినండి. గంట మోగిన కాసేపటికి జిమ్మీ గారిసన్ బేస్ మీద నాలుగు స్వరాలు వాయిస్తాడు. వాటిని గట్టిగా పట్టుకోండి. సాక్సొఫోన్ అవే స్వరాలను పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పుతుంది, చివరికి అవే గొంతులోకి వచ్చి జపమవుతాయి.

నాలుగో భాగానికి మాత్రం చేతిలో కాగితం ఉండాలి. ఆల్బం అట్ట మీద కోల్ట్రేన్ రాసిన ప్రార్థన అచ్చయి ఉంటుంది. ఈ భాగంలో ఆయన సాక్సొఫోన్‌తో దాన్నే చదువుతారు, మాటకు మాట. నేను పెన్సిల్ పట్టుకొని వెంట నడిచాను. రెండుసార్లు వరుస తప్పింది. మూడోసారి దొరికింది: దేవుడికి కృతజ్ఞత చెప్పే మాట వచ్చినప్పుడల్లా, చాలాచోట్ల, స్వరం కిందికి దిగి ఆధారషడ్జం మీద ఆగుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరో రోజు, ఒంటరిగా, 'అలబామా' వినండి. 1963 సెప్టెంబరు 15న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హామ్ నగరపు చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. నవంబరులో ఆయన దీన్ని వాయించారు. ముందు ఆ వార్త చదవండి.

ఆ తరువాత 'అసెన్షన్' తీయండి. ఆ హోరు మొదలైన క్షణాల్లోనే సాక్సొఫోన్ వరుసను గమనించండి. గారిసన్ వాయించిన ఆ నాలుగు స్వరాల పోలిక అక్కడ ఉంది.