హెడ్‌ల్యాంప్ కొనేటప్పుడు ల్యూమెన్స్ ఒక్కటే చూడకండి

నాలుగైదు వందలకు దొరికే, తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ డబ్బా మీద 10,000 ల్యూమెన్స్ (వెలుగు ఎంతో చెప్పే లెక్క) అని ఉంటే నమ్మకండి, అరచేతిలో పట్టే లైటుకి, అందులోని చిన్న బ్యాటరీకి అది అయ్యే పని కాదు. నల్లమల కాలిబాటలకైనా, డిసెంబర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచులోకైనా 200 నుంచి 400 చాలు. టెంట్లో సాక్సు వెతుక్కోవడానికైతే 20 కూడా ఎక్కువే.

అసలు చూడాల్సింది ఎంతసేపు వెలుగుతుందనేది. అందులోనూ ఒక మెలిక ఉంది. టార్చిలైట్లను కొలిచే ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే పద్ధతిలో రన్‌టైమ్ అంటే వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే టైమ్, కాబట్టి డబ్బా మీద 6 గంటలని ఉన్నా చివర్లో రాయేదో చెట్టు వేరేదో తెలియని వెలుగే మిగులుతుంది. మీకు కావాల్సినదానికి రెట్టింపు ఉన్నది తీసుకోండి.

ఛార్జింగ్‌దా, సెల్స్‌దా? నన్నడిగితే రెండూ పట్టేది. పవర్ బ్యాంక్ కూడా అయిపోతే, రిమోట్లో వేసే సన్న సెల్స్ మూడు వేసుకుని నడిచేయొచ్చు. కేదార్‌కంఠ శిఖరానికి తెల్లవారుజామున రెండు మూడింటికే బయల్దేరతారు, ఆ చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, అందుకని రాత్రి ల్యాంప్‌ని స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకుని పడుకోండి.

లాక్ లేనిది మాత్రం వద్దు. నా మొదటి ల్యాంప్ బ్యాగులో బటన్ నొక్కుకుపోయి పగలంతా వెలుగుతూనే ఉంది, చీకటి పడి తీస్తే చుక్క ఛార్జింగ్ లేదు, ఆ రాత్రంతా ఫోన్ నోట్లో పెట్టుకుని టెంట్ కట్టాను.

ఎర్ర లైటు ఉందో లేదో కూడా చూడండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20-30 నిమిషాలు పడుతుంది, తెల్ల లైటు ఒక్కసారి వేస్తే అదంతా పోతుంది. ఎర్ర లైటైతే పక్క టెంట్ వాళ్ల తిట్లూ తప్పుతాయి. నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్‌లో, వాన జల్లులకు ఐపీఎక్స్4 సరిపోతుంది.

షాపులో అయితే నుదుటికి పెట్టుకుని తల గట్టిగా ఊపండి, జారితే పక్కన పెట్టేయండి. చేతికి గ్లవ్స్ ఉన్నాయనుకుని బటన్ నొక్కి చూడండి.

లంబసింగిలాంటి చోట పొగమంచులో నుదుటి మీద లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. అప్పుడు తీసి నడుము దగ్గర పట్టుకుంటే దారి కనిపిస్తుంది. విమానంలో వెళ్తే స్పేర్ లిథియం బ్యాటరీలు చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి, చెకిన్ సూట్‌కేసులో వేస్తే ఒప్పుకోరు.