సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో గోల్ఫ్ ఆడటానికి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

2022 నాటికి ఓపెన్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ టోర్నీ ఇక్కడ 30 సార్లు జరిగినా, ఇది పబ్లిక్ కోర్సే. వేసవిలో స్కాట్లాండ్ వెళ్తున్నవాళ్లకి:

• హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయిని చూపే అంకె) రుజువు వెంట ఉంచుకోండి. అది లేకపోతే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరికినా ఆడనివ్వకపోవచ్చు, విమానం ఖర్చంతా వృథా.

• ఆదివారం పెట్టుకోకండి. మామూలుగా ఆ రోజు ఆట ఉండదు, జనం నడకకి వస్తారు.

• ఊళ్లో మూడు నాలుగు రోజులైనా ఉండండి. టీ టైమ్‌ల కోసం బ్యాలట్, అంటే లాటరీ, ఆడే రోజుకి రెండు రోజుల ముందు తీస్తారు, ఒక్క రోజునే నమ్ముకుంటే టెన్షన్. పేరు రాకపోతే న్యూ కోర్స్, జూబిలీ ఉన్నాయి. అవీ ఓల్డ్ కోర్స్‌ని నడిపే ట్రస్ట్‌వే, నిజంగా మంచి కోర్సులు.

• నడక ముందునుంచే అలవాటు చేసుకోండి. బగ్గీలు (కోర్స్‌లో తిరిగే చిన్న బండ్లు) మామూలుగా ఇవ్వరు.

• జూలైలోనైనా రెయిన్ జాకెట్ తప్పదు, సముద్రపు గాలి చల్లగా కొడుతుంది.