కావలి నుంచి అమెరికాకు: పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు విమాన ప్రయాణం ఎలా చేయాలి?

నేను కావలి నుంచి అమెరికాకు ఇప్పటికి ఏడుసార్లు వెళ్ళొచ్చాను. అందులో నాలుగుసార్లు ఒంటరిగానే. అందుకని మా బంధువుల్లో ఎవరికి వీసా వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. అన్నీ అడుగుతారు, అన్నిటికీ ఊఁ కొడతారు, చివరికి తమకు తోచినట్టే చేస్తారు. అక్కడ ఇరుక్కున్నాక మళ్ళీ నాకే ఫోన్. ఈ బాధ పడలేక ఒకసారి రాసి పెడుతున్నాను.

టికెట్

మద్రాసు నుంచే తీసుకోండి. నెల్లూరు, కావలి వాళ్ళు హైదరాబాద్ వెళ్ళి ఎక్కడమంటే చెయ్యి తిప్పి ముక్కు చూపించడమే. టికెట్ కాస్త తక్కువని రాత్రంతా బస్సులో కూర్చుని, నడుం పట్టేశాక, ఆ నడుంతో ఇరవై గంటల విమానం ఎక్కుతారా? నెల్లూరు నుంచి మద్రాసు ఎయిర్‌పోర్టుకు కారులో నాలుగు గంటలు వేసుకోండి. సూళ్ళూరుపేటలో టీ తాగి, రెడ్‌హిల్స్ దగ్గర బైపాస్ ఎక్కేస్తే ఊళ్ళో ట్రాఫిక్ తగలదు. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళు హైదరాబాదే దగ్గరంటారు. వాళ్ళిష్టం.

టికెట్ మీద తేదీ రెండుసార్లు చదవండి. గల్ఫ్ మీదుగా వెళ్ళే విమానాలు చాలావరకు తెల్లవారుజామున లేస్తాయి. 20వ తేదీ 3:30 అని ఉంటే, 19వ తేదీ రాత్రి భోజనం అయ్యేసరికి మీరు దారిలో ఉండాలి. మా వదిన వరస ఆవిడ 20న రాత్రి తీరిగ్గా బయల్దేరింది. విమానం వెళ్ళిపోయి అప్పటికే పద్దెనిమిది గంటలైంది.

శాకాహారులు భోజనం దగ్గర ‘హిందూ మీల్’ అని పెట్టించకండి. అందులో కోడికూర రావచ్చు. ఆవు మాంసం ఉండదనే దానికి ఆ పేరు. ‘ఏషియన్ వెజిటేరియన్’ అని అడగండి, అదీ కనీసం ఒకరోజు ముందు. సీటు నడవ పక్కది తీసుకోండి. కిటికీ సరదా మొదటి పావుగంటే, తర్వాత బాత్రూమ్‌కి లేచిన ప్రతిసారీ ఇద్దరిని లేపాలి.

పెట్టెలు

అమెరికాకు మామూలుగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. ఇంట్లోనే వేలాడదీసే కాటాతో 22 దగ్గర ఆపేయండి. కౌంటర్ ముందు పెట్టె విప్పి చీరలు బయటికి తీసే సీన్ మనకొద్దు. కర్పూరం, అగ్గిపెట్టె, ఎండు కొబ్బరి చిప్పలు పెట్టకండి, ఇక్కడే ఆపుతారు. పవర్‌బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి. పచ్చళ్ళు మాత్రం పెద్ద పెట్టెలోకి. ఆవకాయలో పైకి తేలిన నూనె వంచేసి, పాకెట్లలో సీల్ వేయించి, మళ్ళీ ఒక కవర్లో పెట్టండి. సీసాలు నమ్మకండి. మాత్రలు డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి.

వీల్‌చైర్ గురించి గొడవ పడాల్సిందే. మోకాళ్ళు నొప్పులైతే టికెట్ కొనేటప్పుడే అడగండి, డబ్బులు తీసుకోరు. కానీ ఇంటి మేడ మీద రోజూ బట్టలు ఆరేసుకునేవాళ్ళు కూడా భాష రాదని వీల్‌చైర్ ఎక్కుతున్నారు. మధ్యలో దిగిన చోట అందరినీ వరుసగా ఒకచోట కూర్చోబెడతారు, పిలిచేదాకా అక్కడే. నేను నడుస్తాను. నేను విమానం మారే దోహా ఎయిర్‌పోర్టులో ఏడు మీటర్ల ఎత్తున పసుపు రంగు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. అది కనబడగానే ఆగి, బోర్డు మీద నా విమానం నంబరు, గేటు చూసుకుంటాను. అంతే, అందులో బ్రహ్మవిద్య లేదు.

రెండో విమానం సుమారు పద్నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. రెండు గంటలకోసారి లేచి నడవకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టు

పైవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. కాస్త నెమ్మదిగా చదవండి.

ముందు ఇమిగ్రేషన్ క్యూ. పాస్‌పోర్ట్, తిరుగు టికెట్, అమ్మాయిదో అబ్బాయిదో అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద చేతిలో ఉండాలి. ‘అన్నీ ఫోన్‌లో ఉన్నాయి’ అనకండి. పద్నాలుగు గంటలు సినిమాలు చూసిన ఫోన్‌లో ఛార్జింగ్ ఉండదు. వాళ్ళు అడిగేవి నాలుగే: ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎవరి దగ్గర ఉంటారు, ఏం తెచ్చారు. అడిగినదానికే, ఉన్నదున్నట్టు, క్లుప్తంగా చెప్పండి.

మన భాషలో ఒక చిక్కుంది. మనవణ్ణి చూడటానికి వెళ్తున్నామా, చూసుకోవడానికి వెళ్తున్నామా? మనకు రెండూ ఒకటే, అమ్మమ్మ ఊరికే చూస్తూ కూర్చోదు కదా. కానీ వచ్చీరాని ఇంగ్లీషులో ‘బేబీ కేర్’ అన్నారంటే అవతలివాడికి ఆయా ఉద్యోగానికి వచ్చినట్టు వినపడుతుంది. విజిటర్ వీసా మీద పని చేయకూడదు. అక్కణ్ణుంచి ప్రశ్నలు మొదలవుతాయి. మీరు కూతురి కుటుంబంతో గడపడానికి వచ్చారు, నిజం అదే, అదే చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే తలూపకండి. ‘తెలుగు’ అని ఒక్క మాట అని, దుబాసీ కావాలని అడగండి. అర్థంకాని ప్రశ్నకు ‘ఎస్’ అనడం కన్నా గంట కూర్చోవడం నయం.

ఎన్నాళ్ళుంటారంటే తిరుగు టికెట్ తేదీ చెప్పండి. ‘పదేళ్ళ వీసా ఉంది’ అనేవాళ్ళున్నారు! పదేళ్ళన్నది మళ్ళీ మళ్ళీ వెళ్ళడానికి. ఈసారి ఎంతకాలం ఉండొచ్చో ఆ ఆఫీసరే తేలుస్తాడు, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు.

తర్వాత పెట్టెలు. ఇంకో విమానం మారి వేరే ఊరికి వెళ్ళాల్సినా, మొదట దిగిన చోట మీ పెట్టెలు మీరే బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, బయట మళ్ళీ అప్పజెప్పాలి. పెట్టెకు కట్టిన చీటీ మీద చివరి ఊరి పేరు ఉన్నా సరే. నా మొదటి ప్రయాణంలో మన కౌంటర్‌లో అబ్బాయి ‘పెట్టెలు నేరుగా అక్కడికే వస్తాయమ్మా’ అన్నాడు. నమ్మి చేతులూపుకుంటూ బయటికి నడిచాను. మూడోరోజు పెట్టెలొచ్చాయి. ఈ మూడు రోజులూ మా అమ్మాయి నైటీలే నాకు గతి. కాబట్టి అక్కణ్ణుంచి ఎక్కాల్సిన విమానానికి కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా టికెట్ తీయించండి. పిల్లలు గంటన్నర చాలంటారు, వినొద్దు.

ఇక తిండి సంగతి. మాంసం పచ్చళ్ళు వద్దు. బియ్యం వద్దు, అవి మొలగొలుకులైనా సరే. మన దేశపు బియ్యంలో ఉండే ఒకరకం పురుగంటే వాళ్ళకు హడల్. పచ్చి కాయలూ పళ్ళూ వద్దు. కరివేపాకు అసలే వద్దు. ‘నాలుగు రెబ్బలే కదా’ అంటారు. నిమ్మ, బత్తాయి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి, అక్కడి నారింజ తోటలను నాశనం చేసింది. గూడూరు నిమ్మతోటల వాళ్ళకు ఈ భయం నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మిగతావి తీసుకెళ్ళండి, కానీ తిండి ఉందా అంటే ఉందనే చెప్పండి. చెబితే మహా అయితే ఒక పాకెట్ తీసి పారేస్తారు. దాచి దొరికితే వందల డాలర్ల జరిమానా. మామిడికాయ పచ్చడి, కందిపొడి, మలై కాజా అని ఇంగ్లీషులో చీటీ రాసి చేతిలో పెట్టుకోండి. చీటీ చూసి నన్ను పెట్టె తెరవమనకుండానే పంపేసినవాళ్ళే ఎక్కువ.

అబుదాబి మీదుగా వెళ్తే ఈ తతంగమంతా అక్కడే అమెరికా అధికారులు ముగించేస్తారు. 2014 నుంచి ఆ ఏర్పాటుంది. అదే సుఖమని మా అల్లుడి వాదన. నిద్రమొహంతో, ఎక్కాల్సిన విమానం ఒకవైపు పిలుస్తుండగా ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడమంటే నాకు టెన్షన్. నేను దోహానే.

ఇంటికి చేరాక ఆ వారంలోనే పిల్లల చేత ఆన్‌లైన్‌లో మీ ఐ-94 (మీరు అమెరికాలోకి వచ్చినట్టు వాళ్ళు రాసుకునే రికార్డు) తీయించి, ఏ తేదీ వరకు ఉండొచ్చని రాశారో చూడండి. తిరుగు టికెట్ దానికి ఒక్కరోజు దాటినా అప్పుడే మార్పించండి.