క్లిప్ మైకుతో వాద్యాల రికార్డింగు: ఏ చప్పుడు వస్తే ఎక్కడ వెతకాలి

ఒగ్గు డోలు, డప్పు, సన్నాయి, హార్మోనియం, కిక్రి (కమానుతో వాయించే తీగల వాద్యం), ఫిడేలు. ఉత్తర తెలంగాణలో వీటి రికార్డింగు ఎక్కువగా స్టూడియో బయటే జరుగుతుంది. ఐనవోలు జాతరలో, కొమురవెల్లిలో మల్లన్నకు వేసే రంగుల ముగ్గు పెద్దపట్నం దగ్గర, లేదంటే ఇంటి వాకిట్లో. గుండ్రంగా తిరుగుతూ డోలు కొట్టే మనిషి ముందు మైకు స్టాండు పనికిరాదు. అందుకే వాద్యానికే తగిలించే చిన్న కండెన్సర్ మైకు, అంటే కరెంటు అందితేనే పనిచేసే మైకు, కావాలి.

దీనికి ఒక గుణం ఉంది. మనం పది అడుగుల దూరంలో కూర్చుని వాద్యం మొత్తాన్ని వింటాం. నాలుగు అంగుళాల దూరంలో ఉన్న మైకు వాద్యంలో ఒక ముక్కనే వింటుంది. కాబట్టి తేడా వస్తే ముందు క్లిప్పును, తర్వాత దానికి అందే కరెంటును చూడండి. మిక్సరు నాబ్‌ల వంతు ఆ తర్వాతే.

అసలు సప్పుడే రావడం లేదు

చాలాసార్లు ఇది కరెంటు సంగతే. ఎక్స్‌ఎల్‌ఆర్ తీగతో (మూడు పిన్నులది) వచ్చే మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే అదే తీగ గుండా మిక్సరు పంపే కరెంటు, కావాలి. చిన్న మిక్సర్లలో ఆ బటన్ ఒక్కో చానల్‌కు విడిగా ఉండదు, నాలుగు చానళ్లకో మొత్తానికో ఒకటే ఉంటుంది. అది వెలిగిందో లేదో చూడండి. 3.5 మి.మీ. జాక్ ఉన్న మైకుకు 2 నుంచి 5 వోల్టులు చాలు. రికార్డరు మెనూలో "ప్లగిన్ పవర్" ఆఫ్‌లో ఉంటే అదీ అందదు. జాక్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మార్చే అడాప్టరులో రెండు రకాలున్నాయి. ఒకటి 48 వోల్టులను తగ్గించి మైకుకు ఇస్తుంది. రెండోది ఉత్త తీగల కలయిక. ఆ రెండోదాన్ని ఫాంటమ్ ఉన్న చానల్‌లో గుచ్చకండి, మైకు పాడు కావచ్చు.

ఫోన్ల కోసం చేసిన మైకు జాక్‌కు మూడు నల్ల గీతలుంటాయి, రికార్డరుకు రెండు గీతల జాక్ కావాలి. గీతల లెక్క కుదరకపోతే కొన్నిసార్లు ఏమీ రాదు, కొన్నిసార్లు సన్నగా వస్తుంది. బోయా ఎం1 లాంటి మైకుల్లో ఎల్‌ఆర్44 బటన్ సెల్లు ఉంటుంది. రికార్డరుకు పెట్టినప్పుడు స్విచ్ "కెమెరా" వైపు ఉండాలి, సెల్లు సరిగ్గా కూర్చోవాలి.

మీటరు పచ్చగానే ఉంది, డోలు మాత్రం పగులుతోంది

అందరూ ఎక్కువగా తప్పుబట్టేది గెయిన్‌ను, అంటే మైకు నుంచి వచ్చిన సప్పుడును పెంచే నాబ్‌ను. ఇక్కడ తప్పు దానిది కాకపోవచ్చు. డోలు తోలుకు దగ్గరగా పుట్టే ఒత్తిడి చాలా ఎక్కువ. అది మైకు లోపలి చిన్న ట్రాన్సిస్టరు తట్టుకోగలిగిన హద్దును దాటితే సప్పుడు అక్కడే చదునైపోతుంది. తర్వాత ఎంత తగ్గించినా పగులు అలాగే ఉంటుంది, చిన్నగా వినిపిస్తుంది అంతే. 32-బిట్ ఫ్లోట్ రికార్డరు ఉందన్న ధైర్యం కూడా ఇక్కడ పనిచేయదు. అది రికార్డరు లోపలి పగులు నుంచి కాపాడుతుంది, మైకు తలలో పుట్టిన పగులు నుంచి కాపాడలేదు.

పగులు ఎక్కడ పుడుతోందో తేల్చుకునే పద్ధతి ఇది. గెయిన్‌ను 12 డెసిబెల్స్ తగ్గించి, కళాకారుణ్ని పూర్తి బలంతో పది సెకన్లు కొట్టమనండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో తరంగాన్ని పెద్దదిగా చేసి చూడండి. శిఖరాలు మైనస్ 20 డెసిబెల్స్ దగ్గరే ఉన్నా పైన కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే, పగులు గెయిన్ నాబ్‌కు ముందే పుట్టింది. అప్పుడు సప్పుడును తగ్గించి, ఫాంటమ్‌ను మాత్రం దాటనిచ్చే 20 డెసిబెల్స్ ప్యాడ్‌ను తీగ మధ్యలో పెట్టి మళ్లీ కొట్టించండి. ఇప్పుడు శుభ్రంగా వస్తే తప్పు రికార్డరు ఇన్‌పుట్‌ది, ప్యాడ్ అలాగే ఉంచుకోండి. ఇంకా పగిలితే తప్పు మైకుదే. వైర్‌లెస్ వాడుతుంటే నడుముకు కట్టిన ట్రాన్స్‌మిటరులోనే గెయిన్ తగ్గించాలి, రిసీవరు దగ్గర తగ్గిస్తే లాభం లేదు.

మైకుదే అని తేలితే మూడు దారులున్నాయి. మొదటిది దూరం. దూరం రెట్టింపైతే సప్పుడు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గాలి. పెద్ద తోలుకు మరీ దగ్గర్లో అంత తగ్గదు, అయినా 4 సెం.మీ. నుంచి 10 సెం.మీ.కు జరిపితే తేడా చెవికి తెలుస్తుంది. రెండోది కరెంటు. చాలా మైకులు 2.5 వోల్టులే అందితే తొందరగా పగులుతాయి, అదే మైకు మంచి అడాప్టరుతో ఫాంటమ్ మీద ఎక్కువ తట్టుకుంటుంది. మూడోది మైకు ఎంపిక. డీపీఏ కంపెనీ మైకులు 4060, 4061 చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. 4060 ఒక పాస్కల్ ఒత్తిడికి 20 మిల్లీవోల్టులిస్తే 4061 ఇచ్చేది 6 మాత్రమే. ఆ మేరకు 4061 దాదాపు 10 డెసిబెల్స్ ఎక్కువ బలాన్ని మోస్తుంది. డోలుకు, డప్పుకు తక్కువ సున్నితత్వమున్నదే తీసుకోండి.

దరువు పడ్డప్పుడల్లా గుద్దు, నడిస్తే గరగర

క్లిప్పు వాద్యం ఒంటికి గట్టిగా అంటుకుని ఉంటే ఆ ఒంటి వణుకు గాలిలో కాకుండా లోహం గుండా మైకుకు చేరుతుంది. క్లిప్పు దవడల కింద సైకిల్ ట్యూబు ముక్కను రెండు మడతలు పెట్టండి. డోలు తాళ్లకు క్లిప్పు పెట్టకండి, అవి కదులుతాయి, కిర్రుమంటాయి. అంచు కడెం మీద పెట్టండి. మైకు తల తోలు నడిమికీ అంచుకూ మధ్య, అంచుకు కాస్త దగ్గరగా, 8 నుంచి 10 సెం.మీ. ఎత్తులో, పుల్ల పడే దారికి పక్కగా ఉండాలి.

తీగ కూడా గుద్దును మోస్తుంది. మైకు దగ్గర బొటనవేలంత చుట్ట వేసి మెడికల్ టేపుతో కడెంకు అతికించండి. అక్కణ్నుంచి తీగను భుజం మీదుగా వీపు వెనక్కి తీసుకెళ్లండి. ఇక్కడ 80 హెర్ట్జ్ లో-కట్ (అడుగు సప్పుడును కోసే బటన్) వేసి చేతులు దులుపుకోవద్దు. డోలు బరువంతా ఆ పక్కనే ఉంటుంది, గుద్దుతో పాటు అదీ పోతుంది.

రెండు పక్కలా మైకులు పెడితే డోలు బోలుగా వినిపిస్తోంది

పుల్ల ఒక తోలు మీద పడ్డప్పుడు ఆ తోలు లోపలికి పోతుంది. లోపలి గాలి రెండో తోలును బయటికి తోస్తుంది. అంటే ఒక మైకుకు గాలి దూరమయ్యేప్పుడు రెండోదానికి దగ్గరవుతుంది. రెండింటినీ కలిపితే అడుగు సప్పుడు ఒకదాన్నొకటి తినేస్తుంది. మిక్సరులో అడ్డగీతున్న సున్నా గుర్తు బటన్ ఒక చానల్‌లో నొక్కండి. ఆ బటన్ లేకపోతే తర్వాత ఆడాసిటీలో ఒక ట్రాకుకు "ఇన్వర్ట్" వేయండి. రెండు రకాలుగానూ విని, బరువున్నదాన్ని ఉంచుకోండి. మద్దెలకూ ఇదే వర్తిస్తుంది.

సన్నాయిలో కొన్ని స్వరాలు దూకుతున్నాయి, కొన్ని మునుగుతున్నాయి

కింది గిన్నె అంచుకు క్లిప్పు పెట్టడం అందరికీ అలవాటు, చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ సన్నాయి సప్పుడంతా గిన్నెలోంచి రాదు. వేళ్లన్నీ మూసినప్పుడు గిన్నె నుంచి వస్తుంది. వేళ్లు తెరిచే కొద్దీ తెరిచిన రంధ్రాల నుంచే ఎక్కువ వస్తుంది. అందుకే గిన్నెలో తల పెట్టిన మైకుకు కింది షడ్జమం పేలినట్టు, పై స్వరాలు గోడ అవతల ఉన్నట్టు వినిపిస్తాయి. కళాకారుడు సమంగానే ఊదుతున్నాడు, సరిగా విననిది మైకే. దీన్ని పెద్ద సప్పుడును అణిచే కంప్రెసరుతో సరిచేయాలని చూస్తే పీక రొద పైకి లేస్తుంది తప్ప స్వరం నిండదు.

దానికి మార్గం ఇది. క్లిప్పును గిన్నె మెడ దగ్గర పెట్టి, వంగే మెడను పైకి తిప్పి, మైకు తల కింది చేతి వేళ్లకు ఎదురుగా, గొట్టం నుంచి 12 నుంచి 15 సెం.మీ. దూరంలో ఉండేలా చూడండి. ఒక్క ఆరోహణ, ఒక్క అవరోహణ నిదానంగా ఊదించి రికార్డు చేసి వినండి. కింది స్వరం ఇంకా పెద్దగా ఉంటే తలను మరో రెండు సెం.మీ. పైకి జరపండి. పై స్వరాల్లో వేళ్ల టకటక వినిపిస్తే కొంచెం కిందికి దించండి. నాలుగైదు సార్లు జరిపితే చోటు దొరుకుతుంది, ఆ చోటును గొట్టం మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. అన్ని దిక్కులా వినే ఆమ్నీ మైకైతే ఈ పని తేలిక. ఒకే దిక్కు వినే కార్డియాయిడ్ దగ్గరికొస్తే అడుగు సప్పుడును పెంచుతుంది, కాబట్టి మరింత ఓపిక కావాలి. పక్కనే స్పీకర్లు మోగే సభలో మాత్రం కార్డియాయిడే దిక్కు, లేదంటే కూత మొదలవుతుంది.

పిల్లనగ్రోవికి ఇంకో చిక్కుంది. ఊదే రంధ్రం దాటి వచ్చే గాలి నేరుగా మైకుకు తగిలితే "ఫట్" మంటుంది. మైకును ఆ గాలి దారిలోంచి తప్పించి, నోటికీ మొదటి వేలికీ మధ్య, కాస్త పైగా పెట్టి స్పాంజి టోపీ తొడగండి.

డప్పు మొదటి టేకులో గణగణ, మూడో టేకులో డబడబ

మైకు తప్పు కాదిది. మంట మీద కాచిన తోలు చల్లారితే శ్రుతి దిగుతుంది. మళ్లీ కాయాల్సిందే, కాచేటప్పుడు మాత్రం మైకు తీసేయండి. ఆ వేడి మైకు తలకు హాని చేస్తుంది. మైకును ముందు పెడితే సిర్ర, సిటికెన పుల్ల దెబ్బ పదునుగా వస్తుంది. చట్రం లోపల, తోలు వెనక పెడితే గుండె లాంటి అడుగు వస్తుంది. డప్పుకు ఒక్క మైకే ఉంటే వెనక పెట్టడమే మేలు, పుల్లల సప్పుడు ఎలాగూ పక్కవాళ్ల మైకుల్లోకి పోతుంది.

ఫిడేలు గొంతు నొక్కినట్టుంది

క్లిప్పు తీగల కింది బ్రిడ్జిని, అదే గుర్రాన్ని, తాకుతోందేమో చూడండి. దాని మీద కొద్ది గ్రాముల బరువు పడ్డా ఫిడేలు మూగబోతుంది, మ్యూట్ పెట్టినట్టే. పెట్టె పక్క అంచులను పట్టుకునే రబ్బరు క్లిప్పు వాడండి. మైకు తల కమాను పోయే దారికి తగలకుండా, పెట్టె మీద 5 సెం.మీ. ఎత్తులో ఉంచండి. మరీ కీచుగా ఉంటే తలను గుర్రం నుంచి వేళ్ల పలక వైపు తిప్పండి. మైకు జాలీ మీద తెల్లగా చేరే రోజిన్ పొడిని మెత్తటి పొడి కుంచెతో దులపాలి, నోటితో ఊదకండి.

హార్మోనియంలో తిత్తి ఎక్కువ, పాట తక్కువ

మైకు వెనక పక్కన, తిత్తి దగ్గరుంది. మెట్ల వైపుకు, పై జాలీకి 15 సెం.మీ. ఎత్తుకు మార్చండి. తిత్తి మడతలు ఇంకా కిర్రుమంటే అది హార్మోనియం పెట్టె బాగుచేసే వాళ్ల పని.

కిక్రి రికార్డింగంతా సోయ్‌మంటోంది

డోలుకు ఉన్న బాధకు ఇది సరిగ్గా తిరగేసినది. ఆదిలాబాద్ ప్రధాన్ తెగ వాళ్ల కిక్రి, మన వీణ లాంటి మెత్తటి వాద్యాలకు చిన్న మైకు సొంత రొద అడ్డొస్తుంది. మైకు తల చిన్నదైన కొద్దీ ఆ రొద పెరుగుతుంది. డీపీఏ 4060 రొద దాదాపు 23 డెసిబెల్స్, 4061 రొద దాదాపు 26. కిక్రికి సున్నితత్వం ఎక్కువున్నదే కావాలి, డోలు మైకు దీనికి తగిలించవద్దు. తోలు పెట్టెకు 8 నుంచి 10 సెం.మీ. దగ్గరికి రండి. ఫ్యాన్లు ఆపండి, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా గెయిన్ పెంచండి. తర్వాత సాఫ్ట్‌వేరుతో రొదను గట్టిగా తుడిస్తే తీగ మీద కమాను రాపిడి కూడా పోతుంది. కిక్రికి ప్రాణమే ఆ రాపిడి.

నూనెలో వేగినట్టు చిటపట

రెండు కారణాలుంటాయి. తీగను జాక్ దగ్గర మెల్లగా వంచినప్పుడే చిటపట వస్తే లోపల తీగ తెగుతోంది, కొత్త జాక్ వేయించాలి. తాకకపోయినా వస్తుంటే తేమ. ఏసీ కారులోంచి వానకాలపు గాలిలోకి మైకును తీస్తే దాని చల్లటి తల మీద నీరు పడుతుంది. డబ్బా మూత తీయకుండా అరగంట బయట ఉంచి, తర్వాత తీయండి. చెమటకు తడిసిన మైకును సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో ఒక రోజంతా ఉంచండి. హెయిర్ డ్రయ్యరు వద్దు. జాక్ మీది చెమట ఉప్పును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి, మైకు జాలీకి మాత్రం అది తగలనీయకండి.

గుయ్‌మనే కరెంటు రొద

జాతరలో జనరేటరు మీద నడిచే మిక్సరుకు ఇది తప్పదనుకుంటారు, తప్పించవచ్చు. ముందు రికార్డరును బ్యాటరీ మీద పెట్టి వినండి. రొద పోతే అది ఛార్జరు దారిన వచ్చినదే. పోకపోతే 3.5 మి.మీ. పొడుగు తీగను అనుమానించండి. అలాంటి తీగ మీటరు దాటితే బయటి రొదను పట్టుకుంటుంది. అడాప్టరును కళాకారుడి నడుము దగ్గరే పెట్టి, అక్కణ్నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ లాగండి. లైట్ల కరెంటు తీగను దాటాల్సి వస్తే అడ్డంగా దాటండి, పక్కపక్కన నడపకండి. "టిట్టిట్టిట్" మని వస్తే అది కళాకారుడి జేబులోని ఫోను.

ఆరుబయట బుస్‌బుస్

స్పాంజి టోపీ నోటి గాలిని ఆపుతుంది, మేడారం దగ్గరి లాంటి బయలు గాలిని ఆపలేదు. దానికి బొచ్చు టోపీ కావాలి, స్పాంజి పైన తొడగాలి. అది దొరక్కపోతే మైకు తలను డోలు కడెం నీడలోకి, గాలికి వాద్యమే అడ్డమయ్యేలా తిప్పండి. గాలి దిక్కు మారుతుంటుంది కాబట్టి ప్రతి ఒగ్గు కథ మొదలయ్యే ముందు ఇయర్‌ఫోన్ పెట్టుకుని అర నిమిషం విని, తల తిప్పుకోండి.