రాయలసీమలో విద్యుత్ ప్రాజెక్టు: మానవ హక్కుల బాధ్యత ఎక్కడ మొదలుపెట్టాలి

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇప్పుడు ఏ మెట్టకు వెళ్లినా సోలార్ పలకలో, గాలిమరలో కనిపిస్తున్నాయి. కర్నూలుకు చేరువలోని గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల పార్కు 2017లో పనిచేయడం మొదలుపెట్టింది. నంబులపూలకుంటలోనూ పెద్ద పార్కు వెలసింది. ఇలాంటి ప్రాజెక్టుల బాధ్యత మోసే కంపెనీ అధికారుల కోసం ఈ సూచనలు.

ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి 2011లో ఆమోదించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం హక్కులను కాపాడవలసింది ప్రభుత్వం, గౌరవించవలసింది కంపెనీ. నష్టపోయినవారికి న్యాయం పొందే దారి ఉండాలి. మన దేశంలో 2019 నాటి బాధ్యతాయుత వ్యాపార ప్రవర్తన మార్గదర్శకాల్లో ఐదో సూత్రం ఇదే విషయానికి సంబంధించినది. పెద్ద లిస్టెడ్ కంపెనీలు దీనిపై స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించిన నమూనాలో ఏటా నివేదిక ఇస్తున్నాయి. కంపెనీ మానవ హక్కుల విధాన పత్రం తెలుగులో ఉండాలి, పంచాయతీ కార్యాలయంలో చదివి వినిపించాలి. దాని గురించి ఇంతకుమించి చెప్పవలసింది లేదు. అసలు పని భూమి దగ్గర ఉంది.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద సోలార్, పవన విద్యుత్ ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి అవసరం లేదు. ఫలితంగా, థర్మల్ కేంద్రానికి జరిగే ప్రజాభిప్రాయ సేకరణ వీటికి జరగదు. ఊరివాళ్లు తమ మాట చెప్పుకోవడానికి చట్టం సభ పెట్టనప్పుడు, ఆ సభ పెట్టవలసిన బాధ్యత కంపెనీ మీదే పడుతుందని నా దృఢ అభిప్రాయం. సర్వేరాళ్లు పాతకముందే, ప్రతి మజరాలో, పనులకు వెళ్లినవాళ్లు ఇల్లు చేరే సాయంత్రపు వేళ ఆ సభ జరపాలి. ఆడవాళ్లతో విడిగా మాట్లాడాలి.

తరువాత ప్రభావిత కుటుంబాల జాబితా తయారుచేయాలి. అడంగల్, 1బి వంటి భూమి రికార్డులు చూసి పట్టాదారుల పేర్లు రాసుకుంటే జాబితా పూర్తయినట్టు కాదు. ఏళ్ల తరబడి బంజరును సాగుచేసుకుంటున్న శివాయి జమాదారుకు పట్టా ఉండదు, కౌలు రైతు దగ్గర నోటిమాట తప్ప కాగితం ఉండదు, ఆ చేలో వేరుశనక్కాయలు పీకే కూలీ పేరు ఏ రికార్డులోనూ కనిపించదు. 2013 భూసేకరణ చట్టం మాత్రం, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతికే కౌలుదార్లను, కూలీలను కూడా ప్రభావిత కుటుంబాలుగానే లెక్కిస్తుంది. కంపెనీ భూమిని లీజుకు తీసుకున్నా, నేరుగా కొన్నా ఇదే నిర్వచనాన్ని పాటించడం న్యాయం.

ఒక సర్వే నంబరును దగ్గరగా చూడండి. పట్టా చనిపోయిన తాత పేరు మీదే ఉంటుంది. అనుభవదారు కాలమ్‌లో పెద్ద కొడుకు పేరు, చేలో మడక దున్నేది చిన్న కొడుకు, కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంటుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో జరిగిన సవరణ తరువాత ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది కాబట్టి, ఆమె సంతకం లేకుండా ఇరవై ఐదేళ్లకు పైగా సాగే లీజు రాయించుకోవడం ఆమె హక్కును తొక్కివేయడమే. ప్రభుత్వం పేదలకు కేటాయించిన డి పట్టా (అసైన్డ్) భూముల విషయంలో 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టాన్ని లాయరుతో చదివించుకున్నాకే ముందుకు కదలాలి. దళారి తెచ్చిన ఒప్పందాన్ని నమ్మి డబ్బు చెల్లిస్తే చివరకు నష్టపోయేది ఆ భూమి పొందిన పేదవాడే.

కంచె గీత ఖరారు చేసేముందు గొర్రెల కాపరితో కలిసి ఒక పూట నడవండి. మంద ఏ దొంక వెంట పోతుంది, ఏ వంకలో నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఏ గుట్ట మీద మేస్తుంది అన్న వివరాలు మ్యాపులో ఉండవు. ఆ దారులను వదిలి కంచె వేస్తే ఖర్చు కాస్త పెరుగుతుంది గాని, మంద తిరిగే ఊరు నిలబడుతుంది. వంకకు అడ్డంగా మట్టి పోస్తే దిగువ చెరువుకు నీరు చేరదన్న సంగతి కూడా అదే నడకలో తెలుస్తుంది.

దేశంలోనే అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఊరి బోర్ల పక్కనే బోరు వేసి ఆ నీటితో పలకలు కడగడం ఇక్కడ తాగునీటి హక్కుతో తగాదా పెట్టుకోవడమే. నీరు అక్కరలేని యంత్రాలతో దుమ్ము తుడిపించండి, లేదా వాడిన నీటి లెక్కను నెలనెలా పంచాయతీ బోర్డు మీద రాయించండి. గాలిమరల విషయంలో, నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధనను ఊళ్లోనే కొలిచి చూడాలి.

పలకలు తుడిచేవాళ్లు, కాపలాదార్లు, గడ్డి కోసే ఆడవాళ్లు ఎక్కువమంది కాంట్రాక్టరు మనుషులే. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించవలసిన బాధ్యత చట్టప్రకారం అసలు యజమాని అయిన కంపెనీదే. అందుకే బ్యాంకు జమ వివరాలు చూశాకే కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు పని ఆపాలి. నీడ, తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి పని జరిగేచోటే ఉండాలి. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ 2013 చట్టం ప్రకారం తప్పనిసరి; దాని సభ్యుల ఫోన్ నంబర్లు గేటు దగ్గర తెలుగులో కనిపించాలి.

ఫిర్యాదు నోటితో చెప్పినా రాసుకోవాలి, నంబరు వేసిన రసీదు ఇవ్వాలి, జవాబు గడువు ముందే చెప్పాలి. విచారణ చేసేది ఆ భూమి తీసుకున్న అధికారి కాకూడదు. ఫిర్యాదు చేసినవాళ్ల కొడుక్కి పని పోయిందన్న మాట ఒక్కసారి ఊళ్లో పాకితే ఇక ఆ రిజిస్టరులో ఎవరూ రాయరు. ఖాళీ రిజిస్టరును మంచి గుర్తుగా చూపే మేనేజరును నిలదీసి అడగండి.

పలకల తయారీకి వాడే పాలీసిలికాన్ గనుక చైనాలోని షిన్‌జియాంగ్ నుంచి వస్తే బలవంతపు శ్రమ ప్రశ్న ఎదురవుతుంది. దీనిపై అమెరికా 2021లో ప్రత్యేక చట్టమే చేసింది. ముడిసరుకు ఎక్కడిదో చూపే పత్రాలను కొనుగోలు ఒప్పందంలోనే షరతుగా పెట్టాలి.

లీజు ముగిసే రోజును కూడా మొదటి రోజే రాసుకోవాలి. కాంక్రీటు పునాదులు, కేబుళ్లు ఎవరు తవ్వి తీస్తారు, పగిలిన పలకలను ఎక్కడికి తరలిస్తారు, దున్నడానికి వీలుగా నేలను ఎంతలోతు బాగుచేసి అప్పగిస్తారు, ఆ ఖర్చుకు డబ్బు ఏ ఖాతాలో విడిగా ఉంటుంది అన్న నాలుగు అంశాలు ఒప్పందంలో లేకపోతే రైతు చేత సంతకం పెట్టించవద్దు.